ఎర్రబల్బు వెలగని సాయంత్రం

నేను ఒక పెట్టెను. ఒళ్లు ఒకరిది, ప్రాణం పోసింది ఇంకొకరు. నన్ను చూసిన ప్రతివాళ్లూ "ఓహో, పాత ట్రాన్సిస్టరు" అని తేల్చేస్తారు. వాళ్ల తప్పేమీ లేదు. ఒళ్లు నిజంగా దానిదే. ముప్పయ్యేళ్ల కిందట ఎవరో రైతు పొలం కబుర్లు, పాటలు వినడానికి కొనుక్కుని, గొంతు బొంగురుపోయాక పేర్రాజు దుకాణంలో బాగుకిచ్చి, మళ్లీ రాలేదు. మనుషులకిది మామూలే. బాగు చెయ్యమని ఇచ్చేటప్పుడున్న తొందర తీసుకెళ్లేటప్పుడు ఉండదు. ఆ ట్రాన్సిస్టరు పన్నెండేళ్లు అటక మీద బల్లుల మధ్య పడుకుని, ఒకరోజు నేనుగా లేచింది.

పేర్రాజుది గోదావరి కాలువ పక్కన పెదలాకులు అనే చిన్న ఊరు. పడవలు దాటించడానికి కాలువకు అడ్డంగా తలుపులు బిగించిన చోటే లాకు, ఆ లాకు వంతెన దాటగానే కుడిచేతివైపు రేడియో మెకానిక్ దుకాణం. అతని అక్క భ్రమరాంబ అదే ఊరి హైస్కూల్లో జీవశాస్త్రం టీచరు. పదేళ్ల కిందట ఆవిడ ఒక సైన్సు పత్రిక పట్టుకుని దుకాణానికి వచ్చింది. అందులో వైర్ల బొమ్మ ఒకటుంది.

"ఒరే పేర్రాజూ, గబ్బిలాలు ఎగురుతున్నంతసేపూ అరుస్తూనే ఉంటాయిరా. మన చెవికి అందనంత సన్నటి గొంతు. ఆ గొంతుని కిందికి దింపి మనకి వినిపించే పెట్టె ఇది. చేసిపెడతావా?"

"మనుషుల మాటలే వినలేక ఛస్తుంటే గబ్బిలాల మాటలు దేనికక్కా?" అన్నాడు పేర్రాజు. అన్నాడు గానీ ఆ రాత్రే అటకెక్కాడు.

నన్ను చెయ్యడానికి అతనికి నెల పట్టింది. రెండుసార్లు పొగ వచ్చింది. ఒకసారి నాలోంచి పక్క ఊరి గుడి మైకు వినిపించింది. చివరికి అంతా కుదిరాక, ముందువైపు పాత రేడియో తాలూకు చిల్లు ఒకటి ఖాళీగా మిగిలిపోయింది. ఖాళీ చిల్లు చూస్తే పేర్రాజుకు పడదు. డబ్బాలో వెతికి, మినపగింజంత ఎర్రబల్బు తీసి అందులో బిగించాడు. నేను పలికినప్పుడల్లా అది మిణుకుమిణుకుమంటుంది. "ఊరికేనక్కా, అందానికి" అన్నాడు.

ఆ సాయంత్రం వాళ్ల డాబా మీద ఆవిడ నన్ను ఆకాశం వైపు పట్టుకుని చక్రం తిప్పుతుంటే, ఉన్నట్టుండి నేను పలికాను. టక్, టక్, టక్, టక్. గబ్బిలం పురుగును సమీపించేకొద్దీ టకటకటక. పట్టుకునే క్షణాన టర్ర్‌ర్ మని ఒక్క సాగదీత. భ్రమరాంబ టీచరు చిన్నపిల్లలా ఎగిరి గంతేసింది. "తినేసిందిరా, తినేసింది!" అని అరిచింది. నేను పుట్టినందుకు ఒకరు అంత సంతోషించడం చూసి, ఈవిడ కోసం ఎంతదూరమైనా వెళ్లాలని ఆ రోజే అనుకున్నాను. నాకు కాళ్లు లేవన్న సంగతి తరవాత గుర్తొచ్చింది.

అప్పటినుంచి ప్రతి సెప్టెంబరు ఆఖరి ఆదివారం పెదలాకుల్లో గబ్బిలాల నడక జరుగుతోంది. సాయంత్రం అయిదింటికి లాకుల బంగళా దగ్గర జనం పోగవుతారు. కాలువ గట్టున తెల్లమద్ది చెట్లకు తలకిందులుగా వేలాడే పెద్ద గబ్బిలాలను ముందు చూపిస్తుంది ఆవిడ. అవి కళ్లతో చూసి, ముక్కుతో వాసన పట్టి పండ్ల కోసం తిరిగేవి. వాటి దగ్గర నాకు పని లేదు. ఆ తరవాత లాకు తలుపులు దాటి, పాత పెంకుల గోడౌను దగ్గరికి వెళతారు. ఒకప్పుడు పడవల మీద వచ్చే ధాన్యం దింపేవాళ్లట అందులో. ఇప్పుడు తుప్పు గొలుసులు, విరిగిన చక్రాలు. పైన వాసాల సందుల్లో మాత్రం వందల సంఖ్యలో చిన్న గబ్బిలాలు. ఒక్కొక్కటి అగ్గిపెట్టెలో పడుతుంది. పొద్దుగుంకాక పావుగంటకు చూరు కింది నెర్రెలోంచి ఒక్కొక్కటే జారి చేల మీదికి పోతాయి. వరికి పట్టే దోమనూ రెక్కల పురుగులనూ తెల్లవార్లూ మేస్తాయి. ఆ బయలుదేరే వేళే నా వేళ.

గోడౌను దగ్గర ఆవిడ రూళ్లు రెండు. ఒకటి, ఎవరూ లైటు వెయ్యకూడదు. రెండు, ఎవరూ నోరెత్తకూడదు. ఈ రెండు రూళ్లే తరవాత ఆవిడ పీకల మీదికి వచ్చాయి.

మూడేళ్ల కిందట ఆవిడకు సన్నటి చప్పుళ్లు పోవడం మొదలైంది. ముందు ఫోను మోత. తరవాత కుక్కరు కూత, పిచ్చుకలు. తరవాత నేను.

ఆ రోజు నాకు బాగా గుర్తు. డాబా మీద నేను టకటకమని పలుకుతూనే ఉన్నాను, ఆవిడ చక్రం అటు తిప్పి ఇటు తిప్పి, నన్ను చెవికి ఆనించుకుని, బ్యాటరీ మార్చి, చివరికి నా ఎర్రబల్బు వైపు చూసింది. అది మిణుకుమంటోంది. పెట్టె పాడవలేదని ఆవిడకప్పుడు అర్థమైంది. నన్ను ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయింది. ఎవరితోనూ చెప్పలేదు. తమ్ముడితో కూడా.

మనుషులు దాచుకోవడంలో మహా నేర్పరులు. క్లాసులో ఎవరైనా నెమ్మదిగా జవాబు చెబితే, "లేచి నిలబడి, వెనక బెంచీకి వినపడేలా చెప్పు" అనేది. పిల్లలు గొంతు చించుకునేవారు. ఆ క్రమశిక్షణ బాగుందని హెడ్మాస్టరు మిగతా టీచర్లకు కూడా చెప్పాడు. ఇంటి దగ్గర ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టేది. మగవాళ్ల బరువు గొంతులు దగ్గరనుంచైతే అందేవి. ఇక నడకలో మాత్రం నా ఎర్రబల్బే ఆవిడ చెవి. బల్బు మిణుకుమనగానే వేలు పైకెత్తి, "అదిగో, ఒకటి బయలుదేరింది" అనేది. గబగబా మిణుకుమంటే, "పురుగును పట్టింది" అనేది. జనం ముక్కున వేలేసుకునేవారు. పేర్రాజు ఊరికే అందానికి పెట్టిన గింజ మీద ఆవిడ పరువంతా నిలబడి ఉందని నాకొక్కదానికే తెలుసు. నా గుండెలో పేర్రాజు వేసిన ఒక్క టంకం చుక్క ఆ బల్బును పట్టుకుని ఉంది. మీరే చెప్పండి, నాకు నిద్రెలా పడుతుంది?

ఎందుకు దాచిందంటారా? గబ్బిలాల అరుపు వినిపించే మనిషికి చెవులు వినపడవని తెలిస్తే ఊరు నవ్వుతుందని. నవ్వినా ఫరవాలేదనుకుంటే, కిందటేడు అంతకన్నా పెద్ద చిక్కు వచ్చిపడింది.

ఆగస్టులో కాలువల ఆఫీసుకు ఫణీంద్ర అని కొత్త ఏఈ, అంటే అసిస్టెంటు ఇంజనీరు, వచ్చాడు. కుర్రవాడే, చెడ్డవాడు కాదు, కానీ కాగితం మీద లేనిది లోకంలో లేదనుకునే రకం. గోడౌను కప్పు కూలేలా ఉంది కాబట్టి పడగొట్టమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. సెప్టెంబరు ఆఖరి సోమవారం పని మొదలు. అంటే నడక అయిన మర్నాడు. అప్పటికి వాసాల సందుల్లో తల్లుల రొమ్ములు పట్టుకుని పాలు తాగే పిల్లలున్నాయి. ఎగరడం రాదు. పెంకులు దించితే తల్లులు చెదిరిపోతాయి, పిల్లలు నేల మీద రాలతాయి. టీచరు ఆఫీసుకు మూడుసార్లు తిరిగింది.

"చూడండి టీచరుగారూ, నేనెప్పుడూ చూడనిదాన్ని ఉందని ఎలా రాస్తాను?" అన్నాడు ఏఈ, ఆవిడకు ఎదురుగా కూర్చుని, కాబట్టి ఆవిడకు ప్రతి ముక్కా అందింది. "ఆదివారం నడకకి నేనూ వస్తాను. ఇందులో నాకేం తెలీదు. మీరు ఉన్నాయంటే ఉన్నాయి, లేవంటే లేవు. ఉంటే గనక వేసవిలో నీళ్లు ఆపి కాలువ కట్టేదాకా పని ఆపమని రాసేస్తాను. లేకపోతే సోమవారం పెంకులు దించేస్తారు."

ఆదివారం పొద్దున్నే లాకు లస్కరు అబ్బులు వచ్చాడు. లాకు తలుపులు తియ్యడం, ముయ్యడం అతని పని. ముప్పయ్యేళ్లుగా అదే పని. గడపలో నిలబడి తలగుడ్డ తీసి చేత్తో నలుపుతున్నాడు.

"టీచరుగారూ, పాడు కబురండి. నిన్న సాయంత్రం పాత ఇనప సామాను తీసుకెల్డానికి కంట్రాక్టరు మనుసులొచ్చారండి. లోపల కందిరీగలున్నాయని తడిగడ్డి పోగేసి పొగెట్టారు. నాను అటేపు గేటుకాడున్నానండి, సూసేతలికి పొగంతా పైకెల్లిపోయింది."

"గబ్బిలాలు?"

"ఏమో, సీకట్లో కనపళ్లేదండి."

ఆవిడ ఆ రోజంతా అన్నం ముట్టలేదు. నాలుగింటికి నన్ను బీరువాలోంచి దింపి కొత్త బ్యాటరీ వేసి, నా ముందు బొటనవేలూ చూపుడువేలూ పెట్టి రుద్దింది. వేళ్లు రుద్దితే పుట్టే సన్నటి చప్పుడు కూడా నాకు వినిపిస్తుంది. నన్ను పరీక్షించే పద్ధతి అదే. బల్బు మిణుకుమంది. మళ్లీ రుద్దింది, మళ్లీ మిణుకుమంది. మూడోసారి కూడా. నన్ను గుడ్డసంచిలో పెట్టుకుని ఆటో ఎక్కింది.

లాకు వంతెన దగ్గర ఒక గతుకుంది. ఊళ్లో ఆటోవాళ్లందరికీ తెలిసిన గతుకే. తెలిసి కూడా ఒక్కడూ నెమ్మదిగా పోడు. ఆటో ఎగిరిపడింది. సంచి వెళ్లి ఇనపకడ్డీకి కొట్టుకుంది. నా లోపల ఎక్కడో సన్నగా 'టిక్' మంది.

చూసుకుంటే గొంతు బాగానే ఉంది. చక్రం తిరుగుతోంది. బ్యాటరీ పట్టు వదల్లేదు. టంకం చుక్క దగ్గర మాత్రం సన్నటి తీగ ఒకటి ఊడి గాలిలో ఊగుతోంది. ఎర్రబల్బు తీగ.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్కసారి వేళ్లు రుద్దు తల్లీ, ఒకే ఒక్కసారి, అని లోలోపల మొత్తుకున్నాను. రుద్దితే బల్బు వెలగదు, వెలగకపోతే తెలిసిపోతుంది, పేర్రాజు దుకాణం వంతెన పక్కనే, రెండు నిమిషాల పని. కానీ నేను గబ్బిలాల మాటలు చెప్పే పెట్టెనే తప్ప నా మాట చెప్పే పెట్టెను కాదు. ఆవిడ ఆటో దిగేటప్పటికే పాతికమంది బంగళా మెట్ల మీద నిలబడి ఉన్నారు. ఏఈ అందరికంటే ముందు వచ్చి, ఫైలు చంకలో పెట్టుకుని, చెట్లవైపు అనుమానంగా చూస్తున్నాడు.

తెల్లమద్దుల కింద ఆవిడ బాగానే మాట్లాడింది. పెద్ద గబ్బిలాలు నిద్రలేచి ఒకదాన్నొకటి తిట్టుకుంటూ రెక్కలు విదిలిస్తున్నాయి. కాంతం గారని, ఊళ్లో కిరాణా కొట్టువారి ఆడపడుచు, తలకు తువ్వాలు బిగించి చుట్టుకుని వచ్చింది. ఏటా వస్తుంది, ఏటా భయపడుతుంది, భయపడడానికే వస్తుందని నా అనుమానం. టీచరు అందరినీ నవ్విస్తూనే మాటిమాటికీ గోడౌను వైపు చూస్తోంది. సంచి పట్టుకున్న చెయ్యి చెమటతో తడిసిపోయింది. ఆ చెమట గుడ్డ దాటి నా దాకా వచ్చింది.

లాకు దగ్గర అబ్బులు అందరినీ ఆపాడు. ఎగువన కాలువ నిండుగా ఉంది. అతను వంగి, మూసి ఉన్న చెక్క తలుపు మీద అరచెయ్యి ఆనించి ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు.

"అలా ఎందుకు పెడతావయ్యా?" అని అడిగాడు ఏఈ.

"నీల్లు ఏపాటి నొక్కుతన్నాయో సెయ్యి సెప్తాదండి. సప్పుడు అబద్దమాడొచ్చు గానీ, సెయ్యి ఆడదండి. రాత్రేల ఎవుడూ సూడకుండా తూము ఎత్తేసినా ఇక్కడ తెలిసిపోద్ది. ఆయ్."

కాంతం గారు కూడా చెయ్యి పెట్టి చూసింది. "అమ్మో, వణుకుతోందండీ!" అని వెనక్కి లాక్కుంది. అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్య టీచరు కొంచెం పక్కకు తప్పుకుని నన్ను సంచిలోంచి తీసింది. బొటనవేలు చూపుడువేలి మీదికి వచ్చింది. రుద్దు, రుద్దు, అంటున్నాను నేను.

"టీచరుగారూ," కాంతం గారు భుజం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. "చిన్నవి జుట్టు పట్టుకుంటే ఊడి రావటగా? నిజమేనా?"

"వాటికి మీ జుట్టు దేనికండీ? పురుగులేమైనా ఉన్నాయా అందులో?" అంది టీచరు. మళ్లీ నవ్వులు. ఈలోగా ఏఈ వాచీ చూసుకుని, "పదండి, పొద్దుపోతోంది" అన్నాడు. వేళ్లు విడిపోయాయి.

గోడౌను ముందు మబ్బు కూడా తోడయింది. పడమట ఎరుపు ఇంకా పూర్తిగా పోలేదు గానీ, పక్కనున్న చింతచెట్ల నీడలో చూరు కింద ఏమీ ఆనడం లేదు. లోపలినుంచి తడిగడ్డి కాలిన కంపు ఇంకా కొడుతోంది. ఆవిడ అందరినీ అర్ధచంద్రంలా నిలబెట్టి, పెదవుల మీద వేలు పెట్టింది. ఫోన్లు జేబుల్లోకి పోయాయి. నన్ను తోలుపట్టీతో పట్టుకుని, ముఖం చూరు వైపు తిప్పి, చక్రం ఎప్పటి గుర్తు దగ్గరికి తెచ్చింది. తరవాత తల వంచి నా బల్బు వైపు చూస్తూ నిలబడింది.

ఒక నిమిషం. రెండు నిమిషాలు. ఏమీ లేదు. పొగకు నిజంగానే పోయాయేమోనని నాకూ భయం వేసింది.

అప్పుడు, టక్.

టక్, టక్, టక్. ఒకటి జారింది. దాని వెనక ఇంకొకటి. ఏఈ తల చటుక్కున పైకి లేచింది. కాంతం గారు తువ్వాలు కొసను నోట్లో కుక్కుకుంది. మూడు, నాలుగు, తరవాత లెక్క తప్పింది. ఉన్నాయి, అన్నీ ఉన్నాయి, పొగకు చావలేదు, పారిపోలేదు, పిల్లలను వాసాలకు వదిలి తల్లులన్నీ మేతకు పోతున్నాయి. నా తొమ్మిదేళ్ల బతుకులో అంత గట్టిగా ఎప్పుడూ పలకలేదు. టకటకటక, టర్ర్‌ర్, టకటక. పాతికమంది ఊపిరి బిగబట్టి వింటున్నారు. చీకట్లో వాళ్ల ముఖాలు విప్పారి ఉన్నాయి. ఆవిడ నేర్పిన క్రమశిక్షణ, ఒక్కడు కూడా నోరెత్తలేదు.

ఆవిడ మాత్రం వెలగని బల్బును చూస్తోంది.

ఆ పది నిమిషాలు నాకు పదేళ్లు. ఆవిడ నన్ను కొంచెం పైకెత్తింది, ఎడమకు తిప్పింది, కుడికి తిప్పింది. చక్రాన్ని ఒక గీత జరిపి మళ్లీ వెనక్కి తెచ్చింది. కింద గడ్డి బూడిద వైపు చూసింది. నాలుగింటికి మూడుసార్లు పరీక్షించుకుని వచ్చిన మనిషి, పెట్టె మీద అనుమానం ఎందుకు పడుతుంది? పొగ మీదే పడింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరగడం నాకు కనపడింది, ఎందుకంటే ఆవిడ అప్పటికీ నన్నే చూస్తోంది.

చివరికి తల ఎత్తి ఏఈ ఉన్నవైపు తిరిగింది.

"క్షమించండి ఏఈ గారూ. లేవు. పొగకి పోయాయి." ఆగి మళ్లీ మొదలుపెట్టింది. "ఒక్కటి కూడా మిగల్లేదు. మీకు మాటిచ్చాను కాబట్టి ఉన్నమాటే చెబుతున్నాను. రేపు మీ పని మీరు చేసుకోండి."

ఆ మాటలు చెబుతున్నంతసేపూ ఆవిడ చేతిలో నేను టకటకమని మోగుతూనే ఉన్నాను.

నోరు మూసుకోవాలనిపించింది. మూసుకుంటే గబ్బిలాలు పోతాయి. మూసుకోకపోతే ఆవిడ రెండేళ్లుగా దాచుకున్నది అందరి ముందూ బయటపడుతుంది. అయినా నా నోరు నా చేతిలో ఎక్కడుంది? పైన ఎగిరేవాటి చేతిలో ఉంది. అవి ఎగురుతూనే ఉన్నాయి, నేను వాగుతూనే ఉన్నాను.

కాంతం గారు "అదేంటండీ టీచరుగారూ, ఇదిగో ఇది..." అని మొదలుపెట్టి, ఆవిడ ముఖం చూసి ఆగిపోయింది. నవ్వుతారేమోనని నేను ఎదురుచూశాను. రెండేళ్లుగా ఆవిడ భయపడింది ఆ నవ్వుకే. పాతికమందిలో ఒక్కరూ నవ్వలేదు. ఒక్కొక్కరికే అర్థమవుతోంది. అది ముఖం నుంచి ముఖానికి పాకడం నేను చూశాను. ఆవిడ కూడా చూసింది. మసక వెలుతురులో పెదవులు చదవడానికి కుదరదు గానీ, అందరూ తనవైపే ఎందుకు చూస్తున్నారో చదవడానికి ఆ వెలుతురు చాలు.

అబ్బులు ముందుకు వచ్చాడు. టీచరమ్మ చెయ్యి పట్టుకోవడమంటే అతనికి సంకోచం. తన చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు. తరవాత ఆవిడను ముట్టుకోకుండా నన్ను పట్టుకుని తిప్పి, నా స్పీకరు వైపు ఆవిడ అరచేతికి గట్టిగా ఆనించాడు.

"ఏవనుకోకండి టీచరుగారూ," అన్నాడు, కాలువ అవతలి గట్టుకు కేకేసే గొంతుతో. "సెయ్యి అబద్దమాడదండి."

ఆవిడ అరచెయ్యి నా నోటి మీద ఉంది. నేను పలికాను. టక్, టక్, టక్. ఆవిడ వేళ్లు బిగుసుకున్నాయి. టకటకటక. టర్ర్‌ర్. ఆ సాగదీత అరచేతిలోకి పోయి మణికట్టు దాకా పాకింది. తొమ్మిదేళ్ల కిందట డాబా మీద గంతేసిన మనిషి ఇప్పుడు కదలకుండా నిలబడిపోయింది. పెదవులు మాత్రం కదిలాయి. "తినేసింది" అంది, తనలో తాను.

కాసేపటికి అబ్బులు వైపు తిరిగి అడిగింది. "ఎప్పటినుంచి పలుకుతోంది?"

"మీరొచ్చి నించున్న కాణ్ణించీ అండి."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు ఏఈ, తొమ్మిదేళ్లలో ఎవరూ తప్పని రూలు తప్పి, జేబులోంచి ఫోను తీసి లైటు వేశాడు. చూరు మీదికి కాదు. తన ముఖం మీదికే వేసుకున్నాడు. కళ్లు చికిలించుకుంటూ, ఒక్కొక్క మాటా విడివిడిగా అన్నాడు.

"ఉన్నాయండీ. నేను విన్నాను. వేసవిదాకా ఒక్క పెంకు కదపను."

ఆవిడ తల ఊపింది. లైటు ఆర్పెయ్యమని చేత్తో సైగ చేసింది. ఎంతైనా టీచరు కదా.

మర్నాడు పేర్రాజు నన్ను విప్పి బల్ల మీద పరిచాడు. "తీగ ఊడిందక్కా, అంతే. రెండు నిమిషాలు" అంటూ సోల్డరింగ్ కడ్డీ వేడిచేశాడు. ఆవిడ అతని చెయ్యి పట్టుకుని ఆపింది. అప్పుడు మొత్తం చెప్పింది, మొదటినుంచీ. పేర్రాజు వింటూ వింటూ కడ్డీ ఎక్కడ పెట్టాడో మరిచిపోయాడు. బల్ల కాలింది.

"అందానికి పెట్టానే దీన్ని," అన్నాడు. "రెండేళ్లు దీన్ని పట్టుకు వేలాడావా అక్కా? నాతో చెప్పకుండా?"

ఆవిడ నా మూత తనే బిగించింది. బల్బు తీగ ఊడినట్టే ఉంది. ఇప్పటికీ అంతే. తరవాత పట్నం వెళ్లి చెవి వెనక పెట్టుకునే మిషను తెచ్చుకుంది. నా తోబుట్టువే అనుకోవాలి. అది క్లాసులో గొడవంతా వినిపిస్తుందట గానీ నా టకటక మాత్రం దానికి చేతకాదట. నాకు కొంచెం గర్వంగా ఉందని ఒప్పుకుంటాను.

వేసవిలో కాలువ కట్టాక గోడౌను పడగొట్టారు. ఏఈ మాట తప్పలేదు, అలాగని ఆ కప్పు నిలిచేదీ కాదు. దాని చోట కొత్త రేకుల షెడ్డు లేచింది. టీచరు పట్టుబట్టి చూరు కింద రెండు వేళ్ల వెడల్పు నెర్రె పొడుగునా వదిలించింది. గబ్బిలాలు వస్తాయో రావో చెప్పే కాగితం మాత్రం ఏ ఆఫీసులోనూ లేదు. వేసవి పోయింది, వానలు పోయాయి. నేను స్కూలు ల్యాబు బీరువాలో, సీసాలో పాముకూ కప్ప ఎముకలకూ మధ్య కూర్చుని ఆ నెర్రె గురించే ఆలోచించాను. నెర్రె సన్నగా ఉందేమో. రేకు వేడికి దగ్గరికి రావేమో. నా గొంతులో స్పీకరు అట్ట కాస్త చిరుగుతోంది, అది పూర్తిగా చిరిగితే ఆవిడ చేతికి ఏం చెప్పను?

ఈ ఏడు నడకకు నలభైమంది వచ్చారు. ఇంకా వెలుతురు ఉండగానే బంగళా మెట్ల మీద నిలబడి ఆవిడ మొదటి మాటగా, "నాకు చెవులు సరిగా వినపడవు. మీలో ఎవరికైనా పెట్టె పలుకు వినపడితే చెయ్యెత్తండి, నేను చూస్తాను" అంది. కాంతం గారు తువ్వాలు చుట్టుకున్న తల గర్వంగా ఊపింది, ఆ సంగతి తనకెప్పుడో తెలిసినట్టు.

కొత్త షెడ్డు ముందు అందరూ నోళ్లు మూసుకుని నిలబడ్డారు. ఏఈ కూడా వచ్చాడు, ఈసారి ఫైలు లేకుండా. ఆవిడ నన్ను ఎత్తి, అరచెయ్యి నా నోటికి ఆనించింది. పొద్దుగుంకింది. పావుగంటయింది. ఇరవై నిమిషాలు. చూరు కింద ఏమీ కదల్లేదు. ఒకరిద్దరు కాళ్లు మార్చుకున్నారు. అబ్బులు తలగుడ్డ తీసి నలుపుతున్నాడు.

ఎక్కడో దూరంగా ఒక గబ్బిలం అరిచింది. నలభైమంది చెవులకు అందనంత సన్నగా, నా గొంతులో అట్ట ఒక్కసారి అదిరింది. ఒక్క చెయ్యీ పైకి లేవలేదు.

"వచ్చాయి," అంది భ్రమరాంబ టీచరు, అందరికంటే ముందు. ఆవిడ అరచేతికి చెమట పట్టి ఉంది.